బ్రేకు ఉండాల్సిన చోట రేకు

ఆ కాలనీలో ఆమెను అందరూ హారన్ అనేవారు. పేరు పెట్టింది స్కూలు పిల్లలు. బస్సుకున్న అసలు హారన్ గొంతు పోగొట్టుకుని రెండేళ్లయింది. ఆ ఉద్యోగం కూడా డ్రైవరు సీట్లోంచి ఈమే చేసేది. కిటికీలోంచి తల బయటపెట్టి "జరగండయ్యా" అందంటే స్కూటర్ల సంగతి సరే, గోడలు కూడా జరుగుదామా వద్దా అని ఆలోచనలో పడేవి.

బస్సు మాత్రం ఆమెది కాదు, వాళ్ల అన్నయ్యది. పసుపు రంగు స్కూలు బస్సు. ఇరవై రెండు మంది పిల్లలు అన్న ఇంటి గేటు ముందే ఎక్కుతారు. బడి రెండు కిలోమీటర్లు. దారి మధ్యలో నిట్టనిలువు వాలు, వాలు చివర నాలుగు రోడ్ల కూడలి. ఆ వాలు దిగేటప్పుడు వెనక సీట్ల పిల్లలు కేకలేసి ఆనందిస్తారు. ముందు సీట్లో ఉన్నావిడ మాత్రం నోరు కట్టేసుకుని కాలితో ఆలోచిస్తుంది.

పొద్దున్నే ఆమెకొక పద్ధతి ఉంది. బిస్మిల్లా అనుకుని ఇంజను ఆన్ చేసి, బ్రేకు పెడలు మెల్లగా తొక్కిపట్టి పది దాకా లెక్కపెడుతుంది. పెడలు నిలిస్తే బస్సు కదులుతుంది. పెడలు కదిలితే బస్సు నిలుస్తుంది. లారీలు తోలిన నాన్న పిల్లలిద్దరికీ నేర్పిన ఏకైక ఆస్తి ఇదే. చెల్లెలు దాచుకుంది. అన్న యజమాని కాగానే మర్చిపోయాడు.

ఆ సోమవారం, ఆరు దగ్గర పెడలు కాలి కింద మెత్తబడింది. ఎనిమిదికి నేలను ముద్దుపెట్టుకుంది. మళ్లీ తొక్కింది. ఈసారి ఐదుకే.

ఆమె ఇంజను ఆపి తాళంచెవి తీసుకుని కిందికి దిగింది. పిల్లలు అప్పటికే సగం మంది ఎక్కి కూర్చున్నారు. అన్న గేటు దగ్గర టీ తాగుతున్నాడు.

"అన్నా, బ్రేకు కూర్చుంటోంది."

"కూర్చుంటే లేపు," అన్నాడు అన్న గ్లాసులోకి చూస్తూనే. "రెండుసార్లు టకటకా తొక్కు, రాయిలా గట్టిపడుతుంది. మొన్న మెకానిక్ కూడా తొక్కి చూసి బాగుందనే అన్నాడు."

"టకటకా తొక్కితే ఎవడికైనా గట్టిగానే తగులుతుంది. తొక్కిపట్టి ఉంచితే జారుతోంది. లోపల వాషర్ అరిగింది. వాలు మీద నన్ను టకటకా తొక్కమంటావా? బస్సు దింపాలా, డాన్సు చెయ్యాలా?"

"పరీక్షల వారం ఇది. బండి షెడ్డుకెళ్తే రెండు రోజులు రాదు. శుక్రవారం దాకా లాగించు. ఏం కాదు, అది ఉందిగా."

'అది' అద్దానికి వేలాడుతోంది. నల్లదారం, దానికి వేలెడంత రేకు గొట్టం, గొట్టంలో చుట్టిన కాగితం. పదకొండు నెలల కిందట వదిన కట్టించిన తాయెత్తు. అది ఎక్కిన రోజు నుంచి బస్సుకు గీత పడలేదు. అదే రోజు నుంచి నెలనెలా షెడ్డుకు పంపే అలవాటు కూడా తప్పిపోయింది. ఆ ఇంట్లో దారమే ఆధారమైపోయింది.

"ఆ రేకు గొట్టానికి కాలుందా అన్నా, బ్రేకు తొక్కడానికి?"

"నోరు అదుపులో పెట్టుకో. పదకొండు నెలలు. ఒక్క ప్రమాదం జరిగిందా?"

"పదకొండు నెలలూ రోజూ పొద్దున పది లెక్కపెట్టింది ఎవరు? బ్రేకాయిల్ తగ్గితే పోసింది ఎవరు? కష్టం నాదీ, పేరు దానిదీనా?"

ఈ గొడవకి వదిన బయటికొచ్చింది. వదిన చేతిలో ఇంకో తాయెత్తు. కొత్త దారం, ముడి వెయ్యడానికి సిద్ధంగా.

"దీని గురించేగా పొద్దున్నే కయ్యం. నీకోసమే తెప్పించాను. బస్సుకొకటి ఉంది, నీ చేతికి లేదని నాకు ఎప్పట్నుంచో బెంగ. ఇలా పట్టు చెయ్యి."

ఇక్కడే హారన్ గొంతు కొంచెం తగ్గింది. జ్వరమొచ్చినప్పుడు నుదుటి మీద తడిగుడ్డ మార్చిన చెయ్యి అది. ఆ చేతికి ఆమె ఏనాడూ కాదని చెప్పలేదు.

"వద్దు వదినా. నువ్వు ప్రేమగా ఇస్తున్నావు, తెలుసు. కానీ నేను కట్టుకోను."

"ఎందుకని?"

"ఒకసారి పదిమంది ప్రవక్త దగ్గరికి, మీ వెంటే ఉంటామని మాటిద్దామని వచ్చారట. ఆయన తొమ్మిది మంది దగ్గర మాట తీసుకుని పదోవాడి దగ్గర ఆగిపోయారట. ఎందుకని అడిగితే, ఇతని ఒంటి మీద తాయెత్తుంది అన్నారట. అతను చెయ్యి లోపలికి పెట్టి దాన్ని తెంపేశాకే మాట తీసుకున్నారు. దేవుడి పక్కన ఇంకోదాన్ని నిలబెట్టినట్టే అది అన్నారు. షిర్కు. నేను పదోదాన్ని కాను వదినా."

"ఇది అలాంటిది కాదే. ఇందులో ఉన్నది దేవుడి వాక్యమే."

సరిగ్గా అప్పుడే మసీదు ఇమాం గారు మనవణ్ణి బస్సెక్కించడానికి వచ్చారు. అన్నకి ప్రాణం లేచొచ్చింది.

"మీరే చెప్పండి ఇమాం గారూ. ఖురాన్ ఆయతు రాసిన తాయెత్తు తప్పా?"

ఇమాం గారు గడ్డం సవరించుకున్నారు. "గవ్వలు, గోళ్లు, అర్థంకాని గీతలు అయితే ఎవరూ ఒప్పుకోలేదు. అచ్చంగా ఆయతే అయితే, పరవాలేదన్న పెద్దలు కొందరున్నారు. వద్దన్న పెద్దలూ ఉన్నారు. నన్నడిగితే నేను వద్దన్నవాళ్ల వైపే. నోటితో చదివి, దేవుణ్ణి వేడుకుని దువా చెయ్యడంలో మాత్రం ఎవరికీ పేచీ లేదు. ఇంతకీ అందులో ఏ ఆయతుంది?"

అన్న తలెత్తి అద్దం వైపు చూశాడు. "గొట్టానికి మూత అతికేశారు కదండీ. ఎలా తెలుస్తుంది?"

"అంటే పదకొండు నెలలు దేవుడి మాటకి మూతపెట్టి వేలాడదీశాం," అంది హారన్. "కొందరు పెద్దలు ఒప్పుకున్నారంటున్నారు. నేను మాత్రం ఒప్పుకోను. దేవుడు నాకు కాళ్లిచ్చాడు, లెక్కపెట్టే బుద్ధిచ్చాడు. అవి పక్కన పడేసి దారం పట్టుకు వేలాడితే ఆయనకేం జవాబు చెప్పాలి? రక్షణ కట్టుకున్నవాళ్లకి కాదన్నా, కట్టుబడినవాళ్లకి."

"ఉపన్యాసం అయిందా? తాళంచెవి ఇక్కడ పెట్టి ఇంటికెళ్లు. రేపట్నుంచి రానక్కర్లేదు. నేనే తోలుకుంటా."

ఆ బస్సు తప్ప ఆమెకు వేరే పని లేదు. ఈ గేటులోంచి వెళ్తే మళ్లీ ఏ మొహంతో వస్తుందో తెలీదు. ఆమె తాళంచెవి గుప్పిట్లో బిగించి ఒక్క క్షణం నిలబడింది. తర్వాత తీసుకెళ్లి అన్న చేతిలో పెట్టింది.

"తోలు. నీ పాపని ముందు సీట్లోనే ఉంచి తోలు. వాలు దాటేదాకా నేను కూడా పక్కనే పరిగెత్తుకుంటూ వస్తా."

ముందు సీట్లో, తాయెత్తుకి సరిగ్గా కింద, అన్న కూతురు కాళ్లూపుతూ కూర్చుంది. పుస్తకం ఒళ్లో పెట్టుకుని ఎక్కాలు వల్లిస్తోంది.

అన్న తాళంచెవి పట్టుకుని బస్సు వైపు రెండడుగులు వేశాడు. మూడో అడుగు పడకముందే వదిన కదిలింది. ఎవరితోనూ మాట్లాడలేదు. మెట్టెక్కి కూతురి రెక్క పట్టుకుంది.

"దిగు."

"ఎందుకమ్మా? సీటు పోతుంది."

"పోనీ. దిగు."

పాప దిగింది. అన్న భార్య వైపు చూశాడు. తాయెత్తు కట్టించింది ఆవిడే. దాని కింద కూతుర్ని ఉంచలేకపోయిందీ ఆవిడే.  ఇమాం గారు మనవడి సంచీ భుజానికేసుకున్నారు.

హారన్‌కి గొంతు తిరిగొచ్చింది.

"అందరూ దిగండి. ఇద్దరిద్దరు చేతులు పట్టుకోండి. పరీక్షకి ఇంకా యాభై నిమిషాలున్నాయి. ఈ రోజు మన బస్సుకి నలభై నాలుగు కాళ్లు, ఒక హారన్."

"అత్తా, వాలు మీద పరిగెత్తొచ్చా?" అంది పాప.

"పరిగెత్తావంటే నిన్ను షెడ్డుకి పంపుతా."

వరుస కదలబోతుంటే వదిన అడ్డొచ్చింది. కొత్త తాయెత్తు ఇంకా ఆమె గుప్పిట్లోనే ఉంది. ఏం చెయ్యాలో తెలీనట్టు దాన్ని చూసి ఇమాం గారి చేతిలో పెట్టింది. తర్వాత కూతురి తలమీద చెయ్యి వేసి, చిన్నప్పుడు నేర్చుకున్న ఖురాన్ చివరి రెండు సూరాలు నోటితోనే చదివి ఊదింది. పాప తర్వాత ఇమాం గారి మనవడి తలమీద. ఆ తర్వాత ఆడబిడ్డ తలమీద. అక్కడ కాస్త ఎక్కువసేపే చదివింది. హారన్ తల వంచుకుని నిలబడింది. దీనికి ఆమె కాదనలేదు.

"జరగండయ్యా," అని వీధి దద్దరిల్లింది. పాలబండి ఆగింది. రెండు స్కూటర్లు గోడకి అతుక్కున్నాయి. ఇరవై రెండు మంది పిల్లలు వరుసగా రోడ్డెక్కారు.

వీధి మలుపు దగ్గర ఆమె వెనక్కి తిరిగి చూసింది. వదిన బస్సు మెట్టు మీద నిలబడి అద్దం దగ్గర దారం ముడి విప్పుతోంది. డ్రైవరు సీట్లో అన్న కూర్చున్నాడు. ఇంజను శబ్దం వినిపిస్తోంది కానీ బస్సు కదలడం లేదు. అన్న ఒక కాలు ముందుకు చాపి, రోడ్డు వైపు కాకుండా తన పాదం వైపు చూస్తున్నాడు. పెదాలు మెల్లగా కదులుతున్నాయి.

ఆమె కూడా నిలబడి ఆ పెదాలతో పాటే లెక్కపెట్టింది. ఒకటి. రెండు. మూడు.

ఆరు దగ్గర పెదాలు ఆగిపోయాయి. అన్న ఇంజను ఆపేసి జేబులో ఫోను కోసం తడుముకున్నాడు.