పదకొండు ఏసీల మాఫీ

నేను రియాద్‌లో దిగి పదిహేను రోజులే అయింది. ఇంజనీరునన్న గీర మాత్రం అమలాపురం నుంచే వెంట తెచ్చుకున్నాను. అరబ్బీలో సలాం తప్ప ముక్క రాదు, అయినా ఎవర్నీ అడిగేవాణ్ణి కాదు.

మా బిల్డింగు కింది అంతస్తు అద్దెకు తీసుకోబోయే కంపెనీ ఒక మెలిక పెట్టింది. కరెంటు ఎంత తాగుతుందో తేల్చే ఎనర్జీ సర్టిఫికెట్ ఉండాలట. చల్లదనం అక్కర్లేని గోదాములకు మాత్రం మినహాయింపు. కాగితాల మీద మాది గోదామే. లోపల పదకొండు ముసలి ఏసీలున్నాయి.

మినహాయింపు రాకపోతే వాటన్నిటినీ విప్పి బాగుచేయాలి. చేయగలిగినవాడు మెకానిక్ లింబాద్రి ఒక్కడే. అతను జగిత్యాల దగ్గర తొమ్మిదేళ్లుగా ఫోన్లోనే ఇల్లు కట్టించుకున్నాడు. శుక్రవారం గృహప్రవేశం, బుధవారం విమానం. "మినహాయింపు వస్తేనే నీకు ఛుట్టీ" అనేశారు మా మేనేజరు సలీం సాబ్. ఆయనది హైదరాబాదు.

మంగళవారం ఇన్‌స్పెక్టరు వచ్చాడు. ఏసీలన్నీ తిరిగి చూశాడు.

"ఎగ్జెంప్షన్?" అన్నాను.

"మాఫీ" అని ఒక్క ముక్క చెప్పి కారెక్కాడు.

నాకు ప్రాణం లేచొచ్చింది. పదకొండు ఏసీలు గుర్రుమంటున్న గోదాముకు మాఫీ ఇచ్చాడంటే ఎంత దయగల మనిషో అనుకున్నాను. 'ఎగ్జెంప్షన్ గ్రాంటెడ్' అని సలీం సాబ్‌కు మెయిలు కొట్టాను. గంటలో లింబాద్రికి ఊరెళ్లి రావడానికి ఎగ్జిట్ రీఎంట్రీ వీసా వచ్చేసింది.

మర్నాడు టాక్సీలో పెట్టె పెడుతూ లింబాద్రి అడిగాడు.

"గా ఇన్‌స్పెక్టర్ ఏమన్నడు సార్?"

"మాఫీ అన్నాడు."

అతను పెట్టె మళ్లీ కిందికి దించాడు.

"ఈడ మాఫీ అంటే లేదని, సార్. బస్సు మాఫీ అంటే బస్సు లేదని. మన దిక్కు రుణమాఫీ లెక్క గాదు."

సలీం సాబ్‌కు కొట్టిన మెయిలు గుర్తొచ్చింది.

"సలీం సాబ్‌కు ఇప్పుడే చెప్పుండ్రి. నా ఛుట్టీ పోతే పోనీ, మీ నౌకరి కొత్తది" అంటూ ఇంటికి చెప్పడానికి ఫోన్ తీశాడు. తెర మీద పసుపు రాసిన కొత్త గడప. అది చూసి నాకు చెప్పలేనంత సిగ్గేసింది.

"నువ్వు బయల్దేరవయ్యా. తప్పు నాది, ఎప్పుడు చెప్పాలో నాకు తెలుసు" అని పెట్టె నేనే టాక్సీలోకి తోశాను.

విమానం లేచాక సలీం సాబ్ గదిలోకి వెళ్లి అంతా ఒప్పుకున్నాను. ఆయన సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసి టేబుల్ మీద పెట్టారు.

"లింబాద్రి వచ్చేదాకా ఆ ఏసీలు మీవే."

"మాఫీ, సాబ్" అని క్షమాపణ అడిగాను, నాకొచ్చిన హిందీలో.

"మాఫీ" అన్నారాయన.

అది హైదరాబాద్ మాఫీయో రియాద్ మాఫీయో అడిగే ధైర్యం లేక నిచ్చెనెక్కాను.

శుక్రవారం మూడో ఏసీ విప్పుతుంటే ఫోటో వచ్చింది. గడప మీద లింబాద్రి, భార్య ఊర్మిల, ఇద్దరి మొహాలూ చెమటతో మెరుస్తున్నాయి. కింద మెసేజ్:

"ఇంట్ల అన్ని ఉన్నయ్ సార్. ఏసీ మాఫీ."

ఈసారి అర్థమైంది.