నోరు మెదపని పాట

మాతో దుప్పట్లు అందించే ఓసియోలా చెయ్యి రోలర్ల మధ్యకు వెళ్ళిపోయినప్పుడు లౌడ్‌స్పీకర్‌లో పాట ఆగలేదు. ముందు వేళ్ళు, తర్వాత మణికట్టు. మేమంతా చూశాం. ఆ ఇస్త్రీ యంత్రం ముందు చేతులు లోపలికి పోకుండా అడ్డంగా ఒక ఇనుప కడ్డీ ఉండేది. దాని వల్ల పని నెమ్మదిస్తోందని మేనేజరు ప్రూయిట్ ఊడదీయించాడు. ఓసియోలాను వ్యాన్‌లో వేసి నల్లవాళ్ళ ఆసుపత్రికి పంపాడు, రోలర్ల మీది నెత్తురు తుడిపించాడు, హోటల్ దుప్పట్లు సాయంత్రానికి వెళ్ళాలన్నాడు. మేం మళ్ళీ వరసలో నిలబడ్డాం. తలచుకుంటే నాకిప్పటికీ ఒళ్ళు మండుతుంది.

ఇది అమెరికా దక్షిణాదిన, మెంఫిస్‌లో నేను పనిచేసిన లాండ్రీ సంగతి. మీలో ఫ్యాక్టరీల్లో పనిచేసేవాళ్ళున్నారు, కాలేజీ పిల్లలున్నారు. అందరూ ఒక్క మాట మీద నిలబడితే చాలు, గెలుపు దానంతటదే వస్తుందని ఎవరైనా చెబితే నమ్మకండి. మేం ఒక్క మాట మీదే నిలబడ్డాం. నిలబడి నవ్వులపాలయ్యాం.

దుప్పటి రెండు కొసల్నీ ఇద్దరు ఆడవాళ్ళు ఒకే క్షణంలో రోలరుకు అందించాలి. ఒకరు ముందైతే ముడత పడుతుంది. అందుకే ఆ పని ఎప్పుడూ పాట మీద నడిచేది. పాట మాది, నడకా మాదే. ప్రూయిట్ అది పసిగట్టాడు. రేడియో తెచ్చి హుషారు పాటలు పెట్టాడు. పాటతో చేతులు పరిగెత్తాయి, చేతులను చూసి వాడు యంత్రం వేగం పెంచాడు. రేడియోలో సబ్బుల ప్రకటనలు వచ్చినప్పుడల్లా మేం ఊపిరి పీల్చుకుంటున్నామని అదీ తీసేసి, వెర్డెల్ చేతికి మైకు ఇచ్చాడు.

వెర్డెల్ ఓసియోలా అక్క కూతురు. తల్లి పని వెతుక్కుంటూ డెట్రాయిట్ వెళ్ళి అక్కడే ఉండిపోతే, పిన్ని పెంచింది. బడి మాని మాతో పాటు దుప్పట్లు అందించేది. పదిహేడేళ్ళ పిల్ల, దాని గొంతు వింటే బస్సు తప్పిపోయినా ఫరవాలేదనిపించేది. ఊళ్ళో జరిగే రేడియో పాటల పోటీకి లాండ్రీ తరఫున పంపుతానని ప్రూయిట్ ఆశపెట్టాడు. గెలిస్తే రికార్డు చేస్తారట. ప్రమాదం జరిగిన రోజు ఆవిరిలో ఏమీ కనబడక, పిన్ని కేకలు చెవిన పడినా హుషారుకు అరుస్తున్నారనుకుని, ఆ పిల్ల చరణం మొత్తం పాడింది.

ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కింది వంటగదిలో కూర్చున్నాం. పాస్టరు వచ్చి ప్రార్థన చెయ్యమన్నాడు. చర్చి గాయకుల అంగీలు ప్రూయిట్ ఊరికే ఉతికిస్తాడు, ఆయన ఇంకేమంటాడు? నేను పని మానేద్దామన్నాను. పిల్లలున్నారు, అద్దెలున్నాయి అన్నారు. చివరికి పెర్లీన్ అక్క దారి చెప్పింది. మా వరసలో పెద్దది, చర్చిలో కీర్తనలు ఎత్తుకునేది ఆమే. ఆమె ఒక చరణం చదివితే సభంతా దాన్ని సాగదీసి పాడుతుంది, ఒక్కో మాటకు ఒక్కో ఊపిరి. అదే లాండ్రీలో పాడదాం, చేతులు దాని నడకే నడుస్తాయి, కడ్డీ పెట్టేదాకా ఇంతే అంది. అందరం ఒప్పుకున్నాం. నాకైతే గెలిచినట్టే అనిపించింది.

సోమవారం పెర్లీన్ అక్క కీర్తన ఎత్తుకుంది. దుప్పట్లు నత్తల్లా పాకాయి. రోలర్లు ఖాళీగా తిరిగాయి. ప్రూయిట్ మొహం ఎర్రబడింది. కానీ మా చర్చిలో సాగదీసిన కీర్తన సాగదీసినట్టే ముగిసిన ఆదివారం లేదు. చివరికి ఎవరి మీదనో పరిశుద్ధాత్మ దిగుతుంది, కాలు తడుతుంది, చప్పట్లు మొదలవుతాయి, ఇక ఆపేవాడుండడు. ఆ రోజూ అదే జరిగింది. ఎవరో కాలు తట్టారు. పెర్లీన్ అక్క కళ్ళు మూసుకుంది. హల్లెలూయా అంటూ మేం దుప్పట్లు విసిరాం చూడండి, ఆ లాండ్రీ పుట్టాక అంత వేగం లేదు. తెలివొచ్చేసరికి హోటల్ బండ్లు వేళకు ముందే నిండిపోయాయి. ప్రూయిట్ పడీపడీ నవ్వి, ఐసు పెట్టె తెప్పించి అందరికీ కోలాలు ఇప్పించాడు. సిగ్గులేకుండా తాగాం కూడా.

బట్టలు మార్చుకునే గదిలో ఒకరినొకరు తిట్టుకున్నాం. కాలు తట్టింది నువ్వంటే నువ్వని. అప్పుడు వెర్డెల్ నోరు విప్పింది. ప్రమాదం తర్వాత ఆ పిల్ల మాతో మాట్లాడటం అదే మొదలు.

"మీ కీర్తనకు చివర్లో గంతులుంటాయి పెద్దమ్మా. రేడియోలో వచ్చే ప్రేమ పాటలకుండవు. కుర్రాళ్ళు ఆడపిల్లల్ని పట్టుకుని ఊగడానికి కట్టినవి అవి. మొదట్నుంచి చివరిదాకా ఒకటే నెమ్మది నడక."

పెర్లీన్ అక్క మండిపడింది. "సైతాను పాటలు నా నోట రావు. పిన్ని చెయ్యి అట్లా అయితే నీకు ప్రేమ పాటలు గుర్తొచ్చినయ్యా?"

"నా పాటకే పోయింది ఆ చెయ్యి," అంది వెర్డెల్. "ఇంకొకళ్ళ చెయ్యి పోకుండా కూడా నన్నే పాడనీ."

మరి పోటీ సంగతేమిటని నేనే అడిగాను. ఆ పిల్ల మొహం తిప్పుకుని ఏడ్చింది. దయచేసి దీన్ని త్యాగం అని పెద్ద మాట అనకండి. ఆ పిల్లకు ఆ పోటీ కావాలి. పదిహేడేళ్ళ పిల్ల ముందు ఇలాంటి లెక్క పెట్టిన లోకం మీద నాకు కోపం.

మర్నాడు ప్రూయిట్ మైకు ఇచ్చి, పోటీ దగ్గరపడింది కదా, బాగా హుషారుది ఎత్తుకోమన్నాడు. వెర్డెల్ తాను సొంతంగా కట్టిన ప్రేమ పాట ఎత్తుకుంది. వదిలి వెళ్ళేవాడా, నెమ్మదిగా వెళ్ళు, నేనింకా తలుపు దగ్గరే ఉన్నాను అనే పాట. ఆ పిల్ల ఒక్కో మాటా అంటే మేమంతా అందుకున్నాం. పెర్లీన్ అక్క పెదవులు బిగించింది, చేతులు మాత్రం ఆ నడకే నడిచాయి. ఎవరి కాలూ తట్టలేదు. రోలర్లు మళ్ళీ ఖాళీగా తిరిగాయి.

ప్రూయిట్ మైకు ఆపేశాడు. ఆ పిల్ల మైకు లేకుండా పాడింది. పోటీకి పంపేది లేదన్నాడు. ఆ పిల్ల చరణం పూర్తి చేసి వాడి వైపు తిరిగింది.

"కడ్డీ పెట్టించండి సార్. పెట్టించాక మీరు చెప్పిందే పాడతా."

వాడు పోలీసులను పిలిచాడు. ఇద్దరొచ్చారు. గొడవ చేస్తోందని చేతులు వెనక్కి విరిచి తీసుకుపోయి బయట బండిలో పడేశారు. ఇంకెవరు పాడినా ఇదే బండి ఎక్కుతారని ఆ పోలీసులిద్దరిలో పెద్దవాడు హెచ్చరించాడు. అందరి నోళ్ళూ పడిపోయాయి. ఇక పాటల్లేవు, పని చూడండన్నాడు ప్రూయిట్.

నిజం చెబుతున్నాను, అంతా అయిపోయిందనుకున్నాను. ఇంతలో పెర్లీన్ అక్క దుప్పటి కొస ఎత్తింది. అవతలి మనిషి కోసం ఆగింది. ఇద్దరూ కలిసి వదిలారు. మళ్ళీ ఎత్తింది, మళ్ళీ ఆగింది. అదే నడక. పక్క యంత్రం వాళ్ళూ అందుకున్నారు, మడత పెట్టేవాళ్ళూ అందుకున్నారు. గదంతా ఒక్క గొంతు లేవలేదు, ఒక్క చెయ్యీ తొందరపడలేదు. ప్రూయిట్ ఒక్కొక్క మొహం దగ్గరికీ వచ్చి పెదవులు చూశాడు. వీళ్ళను పట్టుకుపొమ్మని పోలీసుల మీద అరిచాడు.

"దేనికి? ఎవరూ పాడటం లేదుగా," అన్నాడు పెద్దవాడు.

పెర్లీన్ అక్క తల ఎత్తకుండా చెప్పింది. "ఆ పిల్లను దింపండి. కడ్డీ పెట్టండి. అప్పటిదాకా మా చేతులు ఇంతే."

బయట హోటల్ బండ్లు ఖాళీగా నిలబడి హారన్లు కొడుతున్నాయి. వాటి పక్కన పోలీసు బండిలో వెర్డెల్ ఇంకా ఉంది. నేను నా కొస పట్టుకుని, అవతలి కొస పట్టుకున్నదాని కళ్ళలోకి చూశాను. ఇద్దరం కలిసి, నెమ్మదిగా వదిలాం.