దాభోళ్ రేవులో చెప్పిన మాట

పుణే నుంచి రత్నాగిరికి చక్కటి హైవే ఉంది. శిరీష్ పోంక్షే మాత్రం దాని పేరెత్తనివ్వలేదు. సముద్రం ఒడ్డు పట్టుకుని దిగుతూ, నాలుగు చోట్ల కారును పంటు ఎక్కించి నదులు దాటాలని రెండు నెలలుగా పథకం వేశాడు. ఏ రేవుకు ఎన్నింటికి చేరాలో, అక్కణ్ణుంచి తరవాతి రేవుకు ఎంతసేపు పడుతుందో కాగితం మీద రాసుకున్నాడు. "నువ్వు రెండో రోజుకల్లా హైవే ఎక్కకపోతే నా పేరు మార్చుకుంటా బావా" అని బావమరిది ఫోనులో ఎకసెక్కమాడేసరికి ఆ కాగితం కాస్తా పంతమైపోయింది.

మొదటి రెండు రేవులూ అనుకున్న వేళకే దాటారు. రెండో రోజు దారిలో అతని తల్లి కుముదినీబాయి పులుసులో వేసే కోకం తొక్కల కోసం బండి ఆపించి, మూడు దుకాణాలు తిరిగింది. మూడో రేవు దాభోళ్ చేరేసరికి మధ్యాహ్నం మూడు దాటింది. వాళ్లకంటే ముందు పద్నాలుగు బళ్లున్నాయి. పంటు మీద పట్టేవి పది. దీన్ని వదిలేస్తే నాలుగో నది ఇక రేపే.

పంటు తాళ్లు సర్దుతున్న గజానన్ అనే పెద్దమనిషి దగ్గరికి శిరీష్ బతిమాలదామనే వెళ్లాడు. నోట్లోంచి మాత్రం వేరే మాట వచ్చింది.

"కాకా, మా అమ్మకి గుండెల్లో నొప్పొస్తోంది."

గజానన్ కాకా చేతిలోని తాడు అక్కడే పడేశాడు. "ఒరేయ్, బళ్లు పక్కకి తియ్యండ్రా! పెద్దావిడకి బాగోలేదు!"

ఒక్కరు కూడా ఎదురు ప్రశ్న వెయ్యలేదు. వరసలో మొదట ఉన్నది చేపల టెంపో. మంచు కరిగి నీళ్లు కారిపోతున్నా, దాని యజమానురాలు డ్రైవరు చేత బండి వెనక్కి తీయించింది. "నిలబడి చూస్తావేంటయ్యా, తల్లిని తీసుకుని పో ముందు!" అని శిరీష్‌నే కసిరింది. నిండేదాకా ఆగకుండా, పంటు ఆ ఒక్క కారుతోనే కదిలింది.

"ఏం చెప్పావు వాళ్లకి?" అంది భార్య మృణాల్.

"తరవాత చెప్తా. అమ్మా, నువ్వు కాస్త కళ్లు మూసుకో."

కుముదినీబాయికి సంగతి అర్థమైంది. ముఖం కందగడ్డలా అయింది గాని, కళ్లు మూసుకోలేదు. గజానన్ కాకా చెంబుతో నీళ్లు తెచ్చి, "నొప్పి చేతిలోకి పాకుతోందా అక్కా?" అని మెల్లగా అడిగాడు. ఆవిడ తల దించుకుని నీళ్లు తాగింది. వెనక సీట్లోంచి పదిహేనేళ్ల సానికా తండ్రి మెడ వెనక భాగాన్నే చూస్తూ కూర్చుంది.

అవతలి ఒడ్డుకు అప్పటికే ఫోను వెళ్లింది. ధోపావే రేవులో నలుగురు మనుషులు పడక కుర్చీ ఒకటి మోసుకొచ్చి నిలబడ్డారు. ఇంజను ఆపకుండా జీపు ఒకటి ఎదురుచూస్తోంది. ఊళ్లోని నర్సమ్మ అన్నం చెయ్యి కడుక్కోకుండానే పరిగెత్తుకొచ్చింది.

కుముదినీబాయి తనంతట తాను కారు దిగి, వాళ్లకు చేతులు జోడించింది.

"నాకే నొప్పీ లేదమ్మా. వరస తప్పించుకోడానికి మా వాడు అబద్ధమాడాడు. ఈయన నీళ్లిస్తే తాగి ఊరుకున్నాను. నాదీ తప్పే."

కుర్చీ తెచ్చినవాళ్లు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. శిరీష్‌కు భూమిలోకి కుంగిపోతే బాగుండుననిపించింది. చివరికి నర్సమ్మే కదిలింది. "ఇంత దూరం పరిగెత్తాను. కూర్చో అమ్మా, బీపీ అయినా చూస్తా." చెయ్యి కడుక్కొచ్చి పట్టీ కట్టి చూసింది. "కొంచెం ఎక్కువే ఉంది. ఇలాంటి కొడుకుంటే ఎవరికుండదు!"

ఎవరో నవ్వారు. గజానన్ కాకా నవ్వలేదు. శిరీష్ ఆయన దగ్గరికి వెళ్లి, "క్షమించండి కాకా" అన్నాడు.

"నాకెందుకు చెప్తావు? ముందు చెప్పాల్సినవాళ్లు అవతల ఉన్నారు. పంటు వెనక్కే పోతోంది."

కారునూ మనుషులనూ అక్కడే వదిలి శిరీష్ ఒక్కడే పంటు ఎక్కాడు. దాభోళ్‌లో టెంపో పక్కన నిలబడి ఉన్న ఆవిడకు జరిగింది జరిగినట్టు చెప్పాడు.

"అయితే మీ అమ్మ బాగానే ఉందా?" అంది ఆవిడ.

"బాగుంది."

"మీ బండి దాటుతున్నంతసేపూ ఆవిడ కోసం దేవుడికి మొక్కుకుంటూనే ఉన్నాను." టెంపో తలుపు తెరుస్తూ అడిగింది: "రేపు ఇంకెవరో నిజంగానే నొప్పని వస్తే నేను నమ్మాలా, వద్దా? అదొక్కటి చెప్పి పో."

జవాబు కోసం ఆవిడ ఆగలేదు, టెంపో ఎక్కేసింది. తిరిగి వచ్చేటప్పుడు పది బళ్ల మధ్య నిలబడి నది దాటాడు. ఎవరూ అతన్ని తిట్టలేదు, పలకరించనూ లేదు.

ఒడ్డున సానికా ఎదురొచ్చింది. "ఏమన్నారు?"

ఆవిడ అడిగింది చెప్పాడు.

"నువ్వేం చెప్పావు?"

"ఏమీ చెప్పలేకపోయాను."

సానికా వెళ్లి నాయనమ్మ పక్కన కూర్చుంది. మృణాల్ చెయ్యి చాపి, "తాళాలిటివ్వు, నేను నడుపుతా" అంది. అతను ఇచ్చేశాడు.