అమ్మ దగ్గు

పొద్దున లేవగానే ఒరతై ముందు దగ్గు వింటుంది. కిటికీ తెరవాలో వద్దో ఆ తర్వాతే తేల్చుకుంటుంది. ఆ దగ్గు వాళ్ళమ్మది. మనిషి పోయి రెండేళ్ళయింది గానీ, దగ్గు మాత్రం పెరటి గదిలో వెదురు మంచం మీద ఉండిపోయింది. ఎండలు మొదలై, థాయ్‌లాండ్‌లోని ఆ ఊరి చుట్టూ కొండల మీద మొక్కజొన్న చొప్పకు నిప్పు పెట్టారంటే ఇక రాత్రీ పగలూ ఒకటే దగ్గు. వానలు పడితే సద్దుమణుగుతుంది. ఒరతై మంచం పక్కన గోరువెచ్చటి నీళ్ళు పెట్టి, మూతికి మాస్కు బిగించుకుని, స్కూటరు మీద యూనివర్సిటీలో పాఠాలు చెప్పడానికి పోతుంది.

ఎదురింటి సుపిన్ రోడ్డు పక్కన పంది మాంసం పుల్లలకు గుచ్చి కాల్చి అమ్ముతుంది.

"పెద్దమ్మకు రాత్రి మరీ ఎక్కువైంది కదే! నాకూ కునుకు పడితే ఒట్టు."

"పొగ తగ్గాలక్కా."

"తగ్గించడానికేగా ఆవిడ నిన్నంత చదివించింది? ఇంకెప్పుడు తగ్గిస్తావే తల్లీ?"

ఒరతైకి నవ్వూ రాలేదు, కోపమూ రాలేదు. ఆమెకు ఏదీ వచ్చి చాలా కాలమైంది. అమ్మ పోయిన రోజున కూడా ఏడవలేదు. ఇంట్లో దగ్గు వినబడుతూనే ఉంటే ఏడవడానికేముంది?

అలాగని చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఏళ్ళ తరబడి కొండకొండకూ తిరిగి గాలిలో పొగ కొలిచింది. ఫలానా తేదీ నుంచి నిప్పు పెట్టకూడదని గవర్నరు ఆఫీసు ఏటా నిషేధం పెడుతుంది. రేపు నిషేధమంటే రైతులందరూ ఇవాళే తగలబెడతారు. గాలి కదలని రోజుల్లో కొండలన్నీ ఒక్కసారే మండి, పొగంతా ఊరి మీద కూర్చుంటుంది. తేదీలు మానేయండి, గాలి పొగను పైకి లాక్కుపోయే రోజులు చూసి వంతులవారీగా కాల్చుకోనివ్వండి అని ఆమె లెక్కలతో సహా చెబుతుంది. గవర్నరు ఆఫీసులో పొగ కమిటీ వాళ్ళు ఏటా శ్రద్ధగా విని, చప్పట్లు కొట్టి, ఫొటో దిగి, పళ్ళబుట్ట చేతికిచ్చి సాగనంపుతారు. మళ్ళీ పాత తేదీలే వస్తాయి. ఇప్పుడా బుట్టల్లో ఆమె ఉల్లిపాయలు పోసుకుంటోంది.

ఈ ఏడు కమిటీ మీటింగు రోజున దగ్గు మరీ ఎక్కువగా ఉంది. ఒంటరిగా వదిలి వెళ్ళడానికి మనసొప్పక అమ్మను వెంట తీసుకెళ్ళింది. పోయినవాళ్ళను ఎక్కడికైనా తీసుకెళ్ళాలంటే ఉత్తర థాయ్‌లాండ్‌లో దారి చెబుతూ తీసుకెళ్ళాలి. లేకపోతే మలుపుల దగ్గర తప్పిపోతారు.

"అమ్మా, వంతెన ఎక్కుతున్నాం. అమ్మా, మార్కెట్ దగ్గర ఎడమకి."

వెనక సీటు మీద దగ్గు విని ట్రాఫిక్ పోలీసు స్కూటరు ఆపాడు. "పెద్దావిడను గట్టిగా పట్టుకోమనండి మేడం, ముందు గుంతలున్నాయి" అని చెప్పి వదిలేశాడు.

మీటింగు హాల్లో అమ్మకొక కుర్చీ వేశారు, గ్లాసుతో నీళ్ళు పెట్టారు. అక్కడ కిటికీలన్నీ బిగించి, మూలమూలనా గాలి శుభ్రం చేసే యంత్రాలు పెట్టుకున్నారు. కాసేపటికి దగ్గు ఆగిపోయింది.

"చూశారా డాక్టర్‌గారూ, మా దగ్గరికి రాగానే అమ్మగారికి నయమైపోయింది!" అన్నాడు డిప్యూటీ గవర్నరు తవీసక్. అందరూ నవ్వారు.

ఒరతై లేచి వెళ్ళి కిటికీ తెరిచింది.

పొగ లోపలికొచ్చింది. దగ్గు మొదలైంది. తవీసక్ నోరు తెరిచినప్పుడల్లా దగ్గే. పెద్దవాళ్ళు దగ్గుతుంటే మన మాట మనం చెప్పుకుపోవడం అక్కడ మర్యాద కాదు. అందరూ ఆగారు. ఎంతకీ తగ్గలేదు. కాఫీలు చల్లారాయి. గుమాస్తా కిటికీ మూయబోతే తవీసక్ వద్దని చెయ్యెత్తాడు.

"మూస్తే ఇక్కడ తగ్గుతుంది. ఇంటికెళ్ళాక?" అన్నాడు.

అతనికీ గొంతు గరగరమంటోంది.

"ఆవిడకు ఏ రోజుల్లో తెరిపిగా ఉంటుంది డాక్టర్‌గారూ?"

ఇన్నేళ్ళలో ఆ గదిలో ఆమెనొకరు ప్రశ్న అడగడం అదే మొదలు.

"పొగ పైకి లేచే రోజుల్లోనండీ. మీ ముందున్న కాగితాల్లో ఉంది."

తవీసక్ కాగితాలు తిప్పాడు. ఈసారి నిజంగానే చదివాడు. "అయితే ఆ రోజుల్లోనే కాల్చుకోమనొచ్చుగా?"

"అదేనండీ ఏటా చెబుతున్నది."

"రైతులు వంతులకు ఒప్పుకోరు సార్" అన్నాడు వ్యవసాయశాఖాయన.

"ఊరూరా అడిగానండీ. తేదీ ముంచుకొస్తోందని పరుగులు పెట్టే పని తప్పితే చాలన్నారు."

ఆయన ఇంకేదో అనబోయాడు. దగ్గు అననివ్వలేదు. సాయంత్రానికి ఆ ఏటి తేదీలు కొట్టేశారు. వారం వారం కూర్చుని, గాలి చూసి, ఏ ఊరి వంతు ఎప్పుడో చెప్పాలని రాసుకున్నారు.

అందరూ వెళ్ళాక తవీసక్ ఆమె దగ్గరికొచ్చాడు. "ఒక్క మాట. వచ్చే వారానికి మళ్ళీ ఈ కిటికీలు మూసేస్తాం. మా సంగతి మాకు తెలుసు. ఆవిడ ఇక్కడుంటే మూయలేం. అమ్మగారిని ఇక్కడ ఉంచుతారా?"

"ఇక్కడ మీరు పని చేస్తే పొగ ఉండదు. పొగ లేకపోతే ఆవిడా ఉండదండీ."

"తెలుసు. అందుకే అడుగుతున్నాను."

ఒరతై ఆ కుర్చీ వంక చూసింది. వద్దని స్కూటరెక్కితే దగ్గు ఇంటికొస్తుంది, మంచం మీద ఉంటుంది, ప్రతి ఎండాకాలమూ అమ్మ ఉన్నట్టే ఉంటుంది. గ్లాసులో నీళ్ళు మార్చి కుర్చీ పక్కన పెట్టింది.

"అమ్మా, నువ్వు ఇక్కడే ఉండు."

మాట మామూలుగానే వచ్చింది. మెట్లు దిగి ఒక్కతే ఇంటికొచ్చింది.

సుపిన్ విసనకర్రతో బొగ్గులు విసురుతోంది. "పెద్దమ్మ ఏదే?"

"ఆఫీసులో ఉంది."

"అయ్యో, ఒక్కతేనా? ఎప్పుడు తీసుకొస్తావ్?"

"రాదక్కా. మా అమ్మ చచ్చిపోయింది."

ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి. సుపిన్ విసనకర్ర కింద పడేసి వచ్చి పట్టుకుంది. నడిరోడ్డు మీద, అందరూ చూస్తుండగా, ఒరతై వెక్కి వెక్కి ఏడ్చింది.