వెంకటయ్య ఊడ్చిపెట్టిన గ్యాలరీ

ముంబయి కామాటిపురాలో వెంకటయ్యకు రెండు పనులు బాగా వచ్చు: తాపీ పట్టడం, కోతలు కోయడం. తాపీ మూల పడి చాలా ఏళ్లయింది. కోతలకు మాత్రం రోజురోజుకూ పదును పెరుగుతోంది.

వరుస గదుల్లో గదికో కుటుంబంగా వాళ్లుండే చాల్‌ను కట్టిన కూలీల్లో అతని తాత ఒకడు. రేపోమాపో దాన్ని కూల్చి టవర్ లేపుతారు. ఈలోగా పాత ఇళ్లను దేశపు వారసత్వంగా గుర్తించే పని మీద స్నేహల్ అనే అమ్మాయి చూడటానికి వస్తోంది. ఆమె రాసుకుంటే చాల్ పేరైనా మిగులుతుంది. లేకుంటే అదీ లేదు.

అందుకే వెంకటయ్య పొద్దున్నే గదుల ముందున్న పొడవాటి చెక్క గ్యాలరీని అద్దంలా తుడిపించాడు. ఆరేసిన బట్టలు తీయించాడు. మంచాలు, నీళ్ల డ్రమ్ములు లోపలికి తోయించాడు. సొంత భార్య రాజవ్వతో సహా ముసలమ్మలందరినీ గదుల్లోకి తోలి తలుపులు వేయించాడు.

స్నేహల్ వర్లి చాల్‌లో పుట్టిన తెలుగు పిల్లే. ఈ చివరి నుంచి ఆ చివరికి నడిచింది.

"ఆజోబా," అని తాతను మరాఠీలో పిలిచినట్టు పిలిచింది. "అందరు ఖాళీ చేసి పోయిన్రా?"

"ఎందుకు పోతరు బిడ్డా. మా తాత ఈ కొయ్యలు బిగించిన నాడు సముద్రం గాలి కింద నిలవడి అడిగిందట, పైకి రావచ్చునా అని. ఆగు, బీడీ తాగి చెప్త అన్నడట."

ఆమె నవ్వింది గానీ పెన్సిలు తీయలేదు. "కొయ్యలు అంతట ఉన్నయి తాతా. ఈడ బతుకెట్ల నడుస్తదో కనబడితేనే నేను రాసేది" అంటూ సంచి భుజానికి తగిలించుకుంది.

మెట్ల వైపు నడిచింది. అంతలో తలుపు వెనక నుంచి రాజవ్వ అంది, "ఏమయ్యో, మమ్ముల లోపటేసి ఉడకబెట్టి ఆ పిల్లకేం చూపెడుతున్నవు, నీ మొకమా?"

పరువు పోయిందనుకున్నాడు. స్నేహల్ మాత్రం మెట్ల దగ్గర ఆగిపోయింది. ఆమె ముఖం చూశాక, తను దాచిందే ఆమెకు కావలసిందని వెంకటయ్యకు తట్టింది. "తీయిండ్రి తలుపులు" అన్నాడు.

మంచాలు బయటికొచ్చాయి. అప్పడాల చాటలొచ్చాయి. ఒకింటి కూరగిన్నె చేతులు మారుతూ నాలుగు గడపలు దాటి చివరి గది రత్నాబాయి దగ్గరికి చేరింది. స్నేహల్ నేల మీదే చతికిలబడి గీయడం మొదలుపెట్టింది. స్తంభాలు, వాటి మధ్య తాళ్లు, స్తంభానికి ఆనుకుని మెంతికూర తెంపుతున్న రాజవ్వ.

"నన్నెందుకు గీస్తవే, నోట్ల పండ్లు గూడ లేవు."

"నువ్వు లేకుంటే ఇది ఉత్త చెక్కనే అవ్వా. ఈ చాల్ గురించి రాస్తున్న."

వెంకటయ్య స్తంభాన్ని అరచేత్తో తడిమాడు.

"మా తాతను ఈ ఊర్ల ఎవ్వరు పేరు పెట్టి పిలువలే బిడ్డా, కూలోడని కామాటీ అనే అన్నరు. ఆయన చేతిపని కూసోని చూసినదానివి నువ్వే. సల్లగుండు."

"పేరేంది ఆయనది?"

"బాలనర్సయ్య."

స్నేహల్ ఆ పేరు బొమ్మ కింద తెలుగులో రాసింది. వెంకటయ్య ఆమె పక్కన చేరి, అక్షరాల మీద వేలు పెట్టి నెమ్మదిగా చదువుకున్నాడు.