నాలుగువందల పన్నెండో నెంబరు

జూరకాన్ పొయ్యిలో రెండు పారల బొగ్గు వేసి, చేతులు తుడుచుకుని, సొరుగులోంచి ముద్రలు తీసింది. కిర్గిజ్‌లో ఒకటి, రష్యన్‌లో ఒకటి. చలికి గట్టిపడిన సిరామెత్తను పొయ్యి పక్కన పెట్టింది. పొట్టి మనిషి. ఎండకీ మంచుకీ కమిలిన బుగ్గలు, ఎంత తోమినా నలుపు వదలని కుడి బొటనవేలు. జిల్లా కార్యాలయానికి వచ్చే ప్రతి దరఖాస్తుకీ నెంబరు వేసి రిజిస్టరులో ఎక్కించడం ముప్పై ఒక్క ఏళ్లుగా ఆమె పని. ఇవాళ్టితో ఆఖరు.

తొమ్మిదింటికి కిటికీ తెరిచేసరికి పై ఊరి బురుల్చా నిలబడి ఉంది. గుర్రాలు మేపుకునే ఇంటి కోడలు. రొమ్ము దాకా మంచు అంటిన కోటు.

"అక్కా, ఇది మూడోసారి. మా నీటి ఊట చుట్టూ ఎవడో కంచె వేసేశాడు. కౌలు కాగితం ఉందంటాడు. ఆ కాగితం చూపించమంటే ఇక్కడెవరూ పలకరు."

"మొదటి రెండు దరఖాస్తులూ ఎవరికిచ్చావు?"

"పెద్దసారు చేతికే."

"అదే తప్పు. నెంబరు పడని కాగితం పుట్టని బిడ్డ లెక్క. దానికోసం ఎవరూ ఏడవరు."

జూరకాన్ కలం తీసింది కానీ వెంటనే రాయలేదు. పదిహేడేళ్ల కిందట ఒక విధవరాలు ఇంటిస్థలం రికార్డు అడిగింది. అప్పటి పై అధికారి వద్దంటే జూరకాన్ ఆ దరఖాస్తుకి నెంబరు వేయలేదు. ఆమె చలికాలమంతా వచ్చి ఈ కిటికీ ముందే నిలబడింది. ఒకరోజు రావడం మానేసింది. ఎందుకు మానేసిందో జూరకాన్ ఎవరినీ అడగలేదు. అడిగే ధైర్యం లేకపోయింది.

412 అని రాసింది. రెండు ముద్రలూ వేసి, రసీదు చింపి బురుల్చాకిచ్చింది. "లోపల దాచుకో. వసారాలో కూర్చో. చాయ్ తాగు."

పావుగంటకి పెద్దసారు మెదెర్‌బెక్ పిలిపించాడు. వయసులో ఆమెకన్నా పన్నెండేళ్లు చిన్న.

"అక్కా, ఆ పై ఊరి కాగితం రేపు చూద్దాంలే. రేపు కొత్తమ్మాయి వస్తుందిగా."

"ఎక్కించేశాను బాబూ."

"కొట్టేయ్."

"రసీదు ఆమె కోటులో ఉంది."

అతను బల్ల మీదున్న ఆమె సర్వీసు పుస్తకాన్ని వేలితో తట్టాడు. "దీని మీద నా సంతకం ఇంకా పడలేదు. తెలుసుగా?"

జూరకాన్ పింఛను ఆ సంతకం మీదే ఆధారపడి ఉంది. అయినా కుర్చీ లాక్కుని కూర్చుంది. ఈ గదిలో ఆమె కూర్చోవడం అదే మొదటిసారి.

"నీ ఇష్టం. కానీ జవాబివ్వడానికి చట్టం పెట్టిన గడువు ఇవాళే మొదలైంది. కాగితం ఇవ్వకపోతే ఎందుకివ్వలేదో నువ్వే రాయాలి, నీ పేరుతో. ఆ పిల్ల కోర్టుకెళ్తే రిజిస్టరు అడుగుతారు. అందులో నా చేతిరాత ఉంటుంది."

మెదెర్‌బెక్ సొరుగు లాగి, కౌలు కాగితాల బీరువా తాళంచెవి ఆమె ముందుకు తోశాడు. "ముసలి గొర్రె కొమ్ము వంగదంటారు, నిజమే," అని సర్వీసు పుస్తకం లాక్కుని సంతకం పెట్టాడు. నిబ్బు కాగితంలోకి దిగింది.

మధ్యాహ్నానికి కౌలు కాగితం నకలు తయారైంది. బురుల్చా దాన్ని కిటికీ దగ్గరే నిలబడి, ఒక్కో మాటా కూడబలుక్కుంటూ చదివింది. "అక్కా! వాగు ఎడమ గట్టు వరకే రాసుంది! ఊట ఇందులో లేదు!"

"లేనిది లేదని రాసి ఉండటమే నీకు కావలసింది. ఊళ్లో అందరికీ చదివి వినిపించు. కంచె దగ్గర నిలబడి చదువు."

బురుల్చా కిటికీలోంచి చేతులు చాచి ఆమె ముఖాన్ని పట్టుకుంది. నవ్వుతూనే ఏడ్చింది. తర్వాత మెట్లు రెండేసి దిగి వెళ్లిపోయింది.

ఐదింటికి ఆఫీసువాళ్లు రొట్టె, తేనె పెట్టి జూరకాన్‌ను సాగనంపారు. చెల్లెలి ఊరికి వెళ్లే వ్యాను బయట హారన్ కొడుతోంది. పక్కగదివాళ్లు కోటు తొడిగించబోతే, "ఒక్క నిమిషం" అని వెనక్కి వెళ్లింది. ఇన్నేళ్లూ జనం రాసుకోవడానికి కలం అడిగితే ఆఫీసులో లేదనేవాళ్లు. సంచిలోంచి అల్లిక ఎర్రదారం తీసి, తన కలాన్ని కిటికీ బయటివైపు చువ్వకి గట్టిగా ముడివేసింది. మెట్లు దిగి వ్యాను ఎక్కింది.

వీధి తలుపు మూసుకున్నాక కూడా, జనం నిలబడే వైపు, ఎర్రదారానికి వేలాడుతున్న ఆ కలం కాసేపు ఊగుతూనే ఉంది.