సారీకి హిందీలో ఏమంటారు?

పాట్నా వీధుల్లో పడవలు తిరిగిన వరద వచ్చిందే, దాని మరుసటి వేసవిలో రాంసూరత్ మహతో చిన్నకూతురు సుగనికి పెళ్లి చేశాడు. ఆరా దగ్గర సోన్ నది గట్టు కింద కూరగాయల మడులు అతనివి. వంకాయ మొక్కతో మాట్లాడినంత కూడా మనిషితో మాట్లాడడని ఊళ్లో పేరు. ఒప్పుకుంటే ‘ఊఁ’, కాదంటే ‘ఊహూఁ’. మిగతా మాటలన్నీ పెళ్లాం ఫుల్‌వసియా వంతు.

పెళ్లి పెత్తనం పెద్దల్లుడు కామేశ్వర్ చేతిలో పడింది. అతనికి పాట్నా కచేరీలో ఉద్యోగం. ఇంగ్లీషులో వచ్చిన కాగితాలకు హిందీ మాటలు వెతికి రాయడం పని. వస్తూనే హుకుం వేశాడు.

“అత్తగారూ, ఈసారి ఆడవాళ్ల తిట్ల పాటలొద్దు. మగపెళ్లివారిలో ఇద్దరు మాస్టర్లున్నారు, ఒక ఇంజనీరున్నాడు. మనల్ని మోటువాళ్లనుకుంటారు.”

“వియ్యంకుణ్ణి తిట్టకుండా పెళ్లేమిటయ్యా? ఉప్పెయ్యని ఊరగాయలాగ!”

“మర్యాదగా ఉందాం అత్తగారూ.”

అల్లుడి మాట. ఫుల్‌వసియా చీర చెంగు నోట్లో కుక్కుకుని ఊరుకుంది.

రాత్రి సుగని పాపిట్లో సిందూరం పడింది. మర్నాడు మధ్యాహ్నం మగపెళ్లివారు అన్నానికి కూర్చున్నారు. పూరీలంటే ఎవరింట్లోనైనా తినొచ్చు. ఉడికిన అన్నం, పప్పు మాత్రం చుట్టరికం కలిసినవాళ్లింట్లోనే. వియ్యంకుడు విస్తట్లో చెయ్యి పెడితేనే రెండిళ్లూ ఒకటైనట్టు. పెట్టకుండా లేచిపోయాడా, పిల్ల అత్తారింటికి వెళ్తుంది గానీ మళ్లీ పుట్టింటి గడప తొక్కదు. పక్క ఊళ్లో అలా వెళ్లిన పిల్ల తండ్రి చావుకి కూడా రాలేకపోయింది. రాంసూరత్‌కి ఆ సంగతి పొద్దుట్నించీ గుర్తొస్తూనే ఉంది.

వియ్యంకుడు బిసేసర్ మహతో భారీ మనిషి. గుమ్మడి తీగెల్లాంటి మీసాలు, కొత్త భాగల్పూర్ పట్టు కుర్తా. వడ్డించేటప్పుడు “ఇంకాస్త పుచ్చుకోండి బావగారూ” అనాలని కామేశ్వర్ మామగారికి రెండు రోజుల్నించి నేర్పుతున్నాడు. రాంసూరత్‌కి నోరు ఆడితే చెయ్యి ఆగుతుంది, చెయ్యి ఆడితే నోరు ఆగుతుంది. అల్లుడి కోసం రెండూ ఒక్కసారే ఆడించబోయాడు. గరిటెడు పప్పు, నెయ్యితో సహా, వియ్యంకుడి రొమ్ము మీదికి పోయింది.

బిసేసర్ విస్తట్లో పెట్టబోయిన చెయ్యి వెనక్కి తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు. అతను తినందే ఎవరూ తినకూడదు. వరసంతా చేతులు వెనక్కి తీసుకున్నారు.

“సారీ చెప్పండి మామయ్యా,” అని కామేశ్వర్ చెవిలో ఊదాడు. “ఒక్క మాటతో తేలిపోతుంది.”

“సారీ,” అన్నాడు రాంసూరత్.

బిసేసర్ తల ఎత్తాడు. “ఏమన్నారు బావగారూ? రైల్లో ఒకడు నా కాలు తొక్కి ఇదే మాటన్నాడు. అని, మళ్లీ తొక్కాడు. దొరల మాట నాకెందుకు? మన మాటలో చెప్పండి.”

కామేశ్వర్ మొహం వెలిగిపోయింది. తన కచేరీ పనే వెతుక్కుంటూ పెళ్లిపందిట్లోకి వచ్చింది మరి. “ఖేదం! మామయ్యా, మీ ఖేదం తెలపండి.”

“ఖేదం,” అన్నాడు రాంసూరత్.

“అది స్టేషన్ మైకులో వింటాం. బండి ఆరుగంటలు ఆలస్యం, ఖేదం. మీరేమన్నా బండా?”

వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. కామేశ్వర్ చెమట తుడుచుకున్నాడు. “అయితే మాఫీ. మాఫీ అడగండి.”

“మాఫీయా! శిస్తు మాఫీ చెయ్యడానికి నేను తాసిల్దారునా?”

“క్షమించమనండి మామయ్యా, క్షమ. మంచి శుద్ధమైన మాట.”

“క్షమ దేవుణ్ణడగాలి. నేనింకా బతికే ఉన్నా.”

“పొరపాటు జరిగిపోయిందనండి!”

“జరిగిపోయిందా? దానంతటదే జరిగిందా? పప్పుకి కాళ్లొచ్చి నడిచొచ్చిందా నా మీదికి?”

కామేశ్వర్ దగ్గర మాటలైపోయాయి. వరస చివర్న ఒక బొద్దు మాస్టరు విస్తట్లోని అన్నం వంక ఏడుపు మొహంతో చూశాడు. “బిసేసర్ భయ్యా, ఒక్క మెతుకు ముట్టుకో. నా పేగులు నాకు శాపనార్థాలు పెడుతున్నాయి.”

“ముట్టను.”

రాంసూరత్ కొట్టంలోకి పోయి, సుగని పెంచిన దూడను విప్పుకొచ్చి, పలుపు వియ్యంకుడి ముందు పెట్టాడు.

బిసేసర్ మీసాలు ఎగిరాయి. “దూడ కోసం అలిగానా నేను? మా కొట్టంలో కట్టుగొయ్యలు చాలక కొత్తవి పాతించాను! తోలుకుపొండి దీన్ని!” అని అరిచి, అరుస్తూనే ఆడవాళ్లకి చాటుగా కట్టిన తడిక వైపు చూశాడు.

రాంసూరత్ ఆ చూపు కనిపెట్టాడు. ఖేదమన్నప్పుడూ తడిక వైపే చూశాడు, మాఫీ అన్నప్పుడూ అటే. తడిక వెనక ఆడవాళ్లు ఢోలకు ఒళ్లో పెట్టుకుని, చేతులు దాని మీదే ఉంచుకుని, బడిపిల్లల్లా నోళ్లు మూసుకుని కూర్చున్నారు. నిన్న మగపెళ్లివారు ఊళ్లో దిగినప్పుడూ వాళ్లు అలాగే కూర్చున్నారు. సిందూరం పెడుతున్నప్పుడూ అంతే. ఒక్క తిట్టు లేదు.

ఊరెళ్లాక బిసేసర్‌ని అందరూ అడుగుతారు. నీ మీద ఏం పాడారు, మీ అక్క ఎవడితో లేచిపోయిందన్నారు, అని. ఏమీ పాడలేదని చెప్పాలి. అంటే వియ్యంకుడిగా లెక్కలోకి తీసుకోలేదనే గదా. అలాగని, అమ్మా నన్ను కాస్త తిట్టండి అని ఏ మగాడు నోరు తెరిచి అడగగలడు?

రాంసూరత్ తడిక దగ్గరికి పోయాడు.

“తిట్టు,” అన్నాడు.

“ఎవర్ని?” అంది ఫుల్‌వసియా.

“వాణ్ణే.”

“అల్లుడుగారు వద్దన్నారుగా?”

“ఊహూఁ. తిట్టు.”

రెండు రోజుల్నించి చెంగు వెనక దాగున్న నోరది. ఢోలకు మోగింది.

*“వచ్చాడమ్మా వియ్యంకుడు వచ్చాడు,*
*నోరొకటి చాలక కుర్తాతో జుర్రాడు!*
*తల్లి నేర్పిన తిండో, అత్త నేర్పిన తిండో,*
*పప్పు చూస్తే వాడి గుండీలే నమిలాడు!”*

పందిరంతా ఒక్కసారి విరగబడి నవ్వింది. బిసేసర్ మాత్రం నవ్వలేదు. చెవొకటి తడిక వైపు తిప్పి, పాఠం అప్పజెప్పించుకునే పంతులులా కళ్లు మూసుకున్నాడు.

*“అక్కేమో అంగట్లో గాజులకి వెళ్లింది,*
*గాజులవాడి గంప తనే ఎక్కేసింది!”*

“ఆగండి, ఆగండి!” అని చెయ్యెత్తాడు బిసేసర్. ఢోలకు ఆగింది.

“అక్క, అక్క అంటారేం? ఏ అక్కని వెతుక్కోవాలి మేం? పెద్దక్క పేరు సోమారో. పేరు పెట్టి పాడండమ్మా, ఊరెళ్లి చెప్పుకోవద్దూ!”

సోమారో పేరు పెట్టి మళ్లీ మొదట్నించి పాడారు. బిసేసర్ అన్నంలోకి చెయ్యి దించి, పప్పు కలిపి, కోడిగుడ్డంత ముద్ద మీసాల కిందికి తోశాడు. బొద్దు మాస్టరు అప్పటికే రెండు మింగాడు.

“పప్పు బాగుంది బావా,” అన్నాడు బిసేసర్. “కుర్తా ముందే చెప్పింది గానీ నేను నమ్మలేదు.”

కామేశ్వర్ ఒక గుంజ దగ్గర నిలబడి అటూ ఇటూ చూశాడు. కాసేపటికి తడిక దగ్గరికి జరిగి, దగ్గాడు. “అత్తగారూ... నా మీద ఏమీ లేదా?”

ఉంది. మాటకి మాట తూచే అల్లుడు పెళ్లాం రమ్మంటే అర్థం కోసం కచేరీకి పరిగెత్తాడని పాడారు. కామేశ్వర్ చెవులు ఎర్రబడ్డాయి. ఇంకోసారి పాడమన్నాడు.

మర్నాడు పొద్దున్నే సుగనిని బస్సెక్కించారు. ఆడవాళ్లు ఏడుస్తున్నారు. రాంసూరత్ కూతురి తల నిమిరి, పక్కకి జరిగి నిలబడ్డాడు. బస్సు గుర్రుమంది. బిసేసర్ కిటికీలోంచి తల బయటపెట్టాడు.

“వచ్చే నాగపంచమికి పిల్లని తీసుకొస్తా బావా! తడిక తీసేసి ఉంచు!”

బస్సు కదిలింది. రాంసూరత్ ఒక్కసారిగా దాని వెంట పరుగెత్తాడు.

“ఒరేయ్ బిసేసర్! నీ మీసాలు...”

తిట్టు అక్కడికి ఆగిపోయింది. కిటికీలోంచి బిసేసర్ చెవి దగ్గర చెయ్యి పెట్టుకుని ఎదురుచూస్తున్నాడు.

“ఊఁ! నా మీసాలు? చెప్పవయ్యా, నా మీసాలకేమైంది?”

“మేక మెయ్యా!” అని రాంసూరత్ మహతో ఊరంతా వినబడేలా అరిచాడు.